పసుపు ఫ్యూచర్స్‌కి పోయేముందు బ్యాంకులో ఏం అడగాలి, ఏం అడగకూడదు

పోయిన వేసవిలో, కళ్లాల మీద పసుపు ఇంకా ఆరుతుండగానే, మా మేనమామ మైదుకూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి కడపకి వచ్చాడు. సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచి, "అల్లుడూ, బ్యాంకోళ్లే మన పసుపును ఫ్యూచర్స్‌లో అమ్మిపెడతారంట, నెలనెలా లాభం ఖాతాలో వేస్తారంట, దీని మీద సంతకం పెట్టి యాభై వేలు కడితే చాలంట" అన్నాడు. ఫ్యూచర్స్ అంటే సరుకును రాబోయే ఒక తేదీకి ఇంత ధరకి అమ్ముతామనో కొంటామనో ఇవాళే ఎక్స్ఛేంజిలో చేసుకునే బేరం. కాగితం పైన బ్యాంకు పేరులా వినిపించే పేరొకటి పెద్ద అక్షరాల్లో ఉంది. కింద ఒక వాట్సాప్ నంబరు ఉంది. ఇలాంటి మార్కెట్లను అదుపు చేసే సెబీ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు మాత్రం తిరగేసి చూసినా కనిపించలేదు. ఆయన ముప్పై ఏళ్లుగా పసుపు పండిస్తున్న మనిషి, కొమ్మును విరిచి చూసి తేమ ఎంతుందో చెప్పేస్తాడు. కానీ బ్యాంకు ఈ వ్యాపారంలో ఎంతవరకు రావొచ్చు, ఎక్కడ ఆగిపోవాలి అన్నది ఆయనకి ఇంతవరకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మా వైపు చాలామందికి చెప్పలేదు.

నేను మైదుకూరు, ఖాజీపేట వైపు రైతు ఉత్పత్తిదారుల సంఘాలకి లెక్కలు రాస్తాను. బ్యాంకుకీ, బ్రోకరుకీ, గోదాముకీ మధ్య తిరిగే కాగితాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. కాబట్టి చట్టం పుస్తకంలో ఉన్నదాంతో పాటు, మీరు బ్యాంకు మేనేజర్ ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో కూడా ఇక్కడ చెప్తాను.

ముందు ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. మన దేశంలో ఏ బ్యాంకూ తన సొంత లాభం కోసం పసుపు గానీ పత్తి గానీ ఆముదం గానీ ఫ్యూచర్స్‌లో కొనదు, అమ్మదు. మీ కోసం కొని లాభం పంచడం కూడా ఉండదు. అలా చేస్తామని ఎవరైనా చెప్తే ఆ మనిషి బ్యాంకు తరఫున రాలేదని అర్థం చేసుకుని అక్కడే ఆపేయండి.

చట్టం ఎక్కడ గీత గీసింది

1949 బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలో 8వ సెక్షన్ అని ఒకటుంది. బ్యాంకింగ్ కంపెనీ ఏదైనా సరే, నేరుగా గానీ చాటుగా గానీ సరుకులు కొనడం, అమ్మడం, మార్పిడి చేయడం కుదరదని అది చెప్తుంది. కారణం కష్టమైనదేం కాదు, బ్యాంకులో ఉన్నది జనం డిపాజిట్ డబ్బు, దాన్ని పట్టుకెళ్లి శనక్కాయల రేటు పెరుగుతుందని మూటలు కొని గోదాములో వేసుకుంటే, రేటు పడిన రోజు మునిగేది డిపాజిట్ వేసినవాళ్లు. ఫ్యూచర్స్ కాగితం మీద జరిగే బేరమే అయినా గడువు తీరేసరికి సరుకు డెలివరీ దాకా పోతుంది కాబట్టి, ఆ బేరం కూడా ఈ గీతకి అవతలే ఉంది.

ఇదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది, మా వైపు జనం తికమకపడేది ఇక్కడే. తాకట్టు పెట్టిన సరుకును అప్పు వసూలు కోసం అమ్ముకునే హక్కు బ్యాంకుకి ఉంది. నంద్యాల గోదాములో శనగల మీద అప్పు తీసుకుని ఎవరైనా కట్టలేకపోతే బ్యాంకు ఆ శనగల్ని వేలం వేస్తుంది, అది చూసి "బ్యాంకు శనగల వ్యాపారం చేస్తోంది కదా" అంటారు. అది వ్యాపారం కాదు, వసూలు. ఆ రెండింటికీ తేడా తెలిస్తే సగం గందరగోళం పోతుంది.

బంగారం సంగతి వేరు. అదే చట్టంలో సరుకు అన్న మాటకి ఇచ్చిన అర్థంలోంచి బంగారు, వెండి కడ్డీలను తప్పించారు, వాటి కొనుగోలు అమ్మకాలు 6వ సెక్షన్ ప్రకారం బ్యాంకు చేయదగ్గ పనుల్లోనే ఉన్నాయి. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారులకి బ్యాంకు బంగారం అమ్మగలగడం, బయటి దేశాల నుంచి బంగారం తెప్పించే బ్యాంకులు ఆ ధర రిస్కుకి విదేశీ మార్కెట్లలో కాపు కాసుకోగలగడం అందుకే. అంతమాత్రాన బ్యాంకు మన ఎమ్‌సీఎక్స్ అనే కమోడిటీ ఎక్స్ఛేంజిలో సొంతంగా గోల్డ్ ఫ్యూచర్స్ ఆడుతుందని అనుకోవద్దు. కమోడిటీ డెరివేటివ్స్ (సరుకుల ఫ్యూచర్స్ లాంటి బేరాలు) విభాగంలో క్లియరింగ్ మెంబర్‌గా (ఆ పని ఏమిటో కింద చెప్తాను) ఉన్న బ్యాంకు సొంత ఖాతాలో ట్రేడింగ్ చేయకూడదని ఆర్బీఐ రాసిన నియమంలో బంగారానికి ప్రత్యేక తలుపేమీ లేదు.

ఈ గీతను చెరిపేయాలని ప్రయత్నాలు జరగలేదని కాదు. 2012లో బ్యాంకింగ్ చట్టాల సవరణ బిల్లులో బ్యాంకులు కమోడిటీ ఫ్యూచర్స్‌లో దిగడానికి వీలిచ్చే నిబంధన పెట్టారు, పార్లమెంటులో ప్రతిపక్షం గట్టిగా అభ్యంతరం చెప్పడంతో దాన్ని తీసేసి మిగతా బిల్లు ఆమోదించారు. ఆ తర్వాత 2015 సెప్టెంబర్ 28న ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్‌ని సెబీలో కలిపేశారు, అప్పటి నుంచి కమోడిటీ ఎక్స్ఛేంజీలన్నీ సెబీ కిందే. 2025లో సెబీ ఛైర్మన్ తుహిన్ కాంత పాండే, వ్యవసాయేతర కమోడిటీల్లో బ్యాంకులు, బీమా కంపెనీలు పాల్గొనే విషయం ప్రభుత్వంతో మాట్లాడతామని చెప్పారు. అందులోనూ ఆయన అన్నది వ్యవసాయేతర అని, అంటే మన పసుపూ పత్తీ ఆ మాటలోకే రావు. ఇది పేపర్లో హెడ్డింగ్ చూసి "బ్యాంకులకి పర్మిషన్ వచ్చేసింది" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఉంటారు, నమ్మవద్దు.

అయితే బ్యాంకుకి మరి ఏం పని ఉంది

చాలా పని ఉంది. 2017 సెప్టెంబర్ 25న ఆర్బీఐ తన 2016 నాటి ఆర్థిక సేవల నియమావళిని సవరించి రెండు దారులు తెరిచింది.

ఒకటి, బ్యాంకు ప్రొఫెషనల్ క్లియరింగ్ మెంబర్ కావొచ్చు. అంటే బ్రోకర్లూ వాళ్ల క్లయింట్లూ ఎక్స్ఛేంజిలో చేసిన బేరాల డబ్బు లెక్కలు తేల్చి, క్లియరింగ్ కార్పొరేషన్‌కి కట్టాల్సింది కట్టి, రావాల్సింది తెచ్చే పని. మార్కెట్ యార్డులో కాటా వేసేవాడు సరుకు తూచి చీటీ రాస్తాడు గానీ సరుకు కొనడు చూడండి, అలాంటి స్థానం ఇది. సొంత ఖాతాలో ట్రేడింగ్ చేయకూడదు, క్లియరింగూ సెటిల్‌మెంటూ వరకే పరిమితం కావాలని ఆర్బీఐ స్పష్టంగా రాసింది.

రెండోది, బ్రోకింగ్. బ్యాంకు తన పేరుతో బ్రోకరు కాలేదు, ప్రత్యేకంగా ఒక అనుబంధ కంపెనీ పెట్టి గానీ ఉన్న అనుబంధ కంపెనీ ద్వారా గానీ ఆ సేవ ఇవ్వొచ్చు. ఆ అనుబంధ కంపెనీ కూడా కమోడిటీ డెరివేటివ్స్‌లో సొంత పొజిషన్లు, అంటే సొంత బేరాలు, తీసుకోకూడదు. ఇది మీకు ఎందుకు ముఖ్యమంటే, బ్యాంకు బ్రాంచిలోనే ఒక కుర్రాడు కూర్చుని "మన బ్యాంకు ట్రేడింగ్ ఖాతా" అని ఫారం ఇస్తే, మీరు ఒప్పందం చేసుకుంటున్నది బ్యాంకుతో కాదు, సెక్యూరిటీస్ అని చివర్లో పేరున్న ఇంకో కంపెనీతో. రేపు గొడవొస్తే బ్రాంచి మేనేజర్ దగ్గరికి పోతే "అది మాది కాదు" అంటాడు, ఆ మాట అతను అబద్ధం చెప్పడం కాదు, చట్టప్రకారం అదే నిజం. ఫారం మీద కంపెనీ పూర్తి పేరు, సెబీ నంబరు చదివి, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇక మన ఊళ్లలో ఎక్కువమందికి పరిచయమున్న గ్రామీణ బ్యాంకు గురించి. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్రప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. నేను చెప్తున్న, 2025 నవంబరు దాకా నడిచిన ఆర్బీఐ 2016 నియమావళి షెడ్యూల్డ్ కమర్షియల్ బ్యాంకుల కోసం పెట్టింది, ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులను అందులోంచి తప్పించారు. పంట అప్పు, గోదాము రసీదు మీద అప్పు కోసం గ్రామీణ బ్యాంకుకి వెళ్లండి, క్లియరింగ్ మాటకి అక్కడ సమయం వృథా చేసుకోవద్దు.

బ్యాంకుకి ఉన్న మూడో పాత్ర అప్పులూ గ్యారంటీలూ. మార్జిన్‌కి, అంటే బేరానికి ముందు కట్టే హామీ డబ్బుకి, బదులు బ్రోకరు తరఫున ఎక్స్ఛేంజికి బ్యాంకు గ్యారంటీ ఇవ్వొచ్చు. దానికి ఏళ్ల తరబడి ఆర్బీఐ పెట్టిన షరతు, బ్రోకరు నుంచి కనీసం 50 శాతం మార్జిన్ తీసుకోవాలని, అందులో కనీసం 25 శాతం నగదుగానే ఉండాలని. బ్యాంకు బ్రోకరునే అంత జాగ్రత్తగా చూస్తుందంటే, సంఘంగా మీరు వెళ్లినప్పుడు నాలుగు ప్రశ్నలు ఎక్కువ అడిగితే కోపం తెచ్చుకోకండి. ఇంకో సంగతి, పెద్ద వ్యవసాయ రుణగ్రహీతలు, అంటే మిల్లర్లు, ప్రాసెసర్లు, ట్రేడర్లు, సరుకు సేకరించేవాళ్లు ధర రిస్కుకి హెడ్జింగ్, అంటే ధర మారినా దెబ్బ తగలకుండా ఫ్యూచర్స్‌తో కాపు, చేసుకునేలా ప్రోత్సహించమని బ్యాంకులకి ఆర్బీఐయే సూచించింది. మేనేజర్ "ఫ్యూచర్స్ అంటే జూదం, మాకు సంబంధం లేదు" అని తేల్చేస్తే ఈ మాట మర్యాదగా గుర్తు చేయండి.

అసలు దెబ్బ తగిలేది ఇక్కడ

ఇప్పుడు చెప్పబోయేది నేను డబ్బు పోగొట్టి నేర్చుకున్న విషయం, అదీ నా డబ్బు కాదు, రైతుల డబ్బు. అందుకే కొంచెం నిదానంగా చదవండి.

2023లో పసుపు ధర కొన్ని నెలల్లోనే రెట్టింపు అయ్యింది, గుర్తుంది కదా. ఆ వేసవిలో నేను లెక్కలు చూసే ఒక సంఘం దగ్గర గోదాములో 20 టన్నుల కొమ్ములు ఉన్నాయి. అంతకుముందు రెండేళ్లు రేటు పడి పడి ఉన్నందున, ఈసారైనా కాపు కాసుకుందామని ఎన్‌సీడీఈఎక్స్ అనే కమోడిటీ ఎక్స్ఛేంజిలో పసుపు ఫ్యూచర్స్ అమ్మారు. అక్కడ ఒక లాట్ అంటే 5 టన్నులు, అంటే 50 క్వింటాళ్లు, కాబట్టి 4 లాట్లు. లెక్క అర్థమవడానికి గుండ్రటి అంకెలు వేస్తున్నాను. క్వింటాలు 8,000 దగ్గర అమ్మారనుకోండి. 200 క్వింటాళ్లకి కాంట్రాక్టు విలువ 16 లక్షలు. మార్జిన్ 15 శాతం అనుకుంటే 2 లక్షల 40 వేలు, అది కట్టారు, అందరూ సంతోషంగా ఉన్నారు.

రేటు ఎక్కడం మొదలైంది. ఒకరోజు క్వింటాలుకి 400 పెరిగింది, ఆ సాయంత్రమే 200 క్వింటాళ్ల మీద 80,000 కట్టాలి. ఇదే మార్క్ టు మార్కెట్, అందరూ ఎంటీఎం అంటారు. ప్రతి సాయంత్రం ఆ రోజు ధరతో లెక్క తేల్చి నష్టపోయిన వైపు నుంచి నగదు లాగేస్తారు. "మనకి నష్టం ఏముంది, గోదాములో ఉన్న పసుపు విలువ కూడా అంతే పెరిగింది కదా" అని ప్రెసిడెంటు అన్నాడు. నూటికి నూరుపాళ్లు కరెక్టు. కానీ గోదాములో పెరిగింది విలువ, ఇక్కడ అడిగేది నగదు, పసుపు మూటల్ని సాయంత్రానికి నగదు చేయలేం. రేటు 12,000 అయ్యేసరికి ఖాతాలోంచి పోయింది 4,000 ఇంటూ 200, అంటే 8 లక్షలు. సంఘం బ్యాంకులో పెట్టుకున్న అప్పు లిమిట్ సరుకు మీద ఇచ్చింది, సరుకు కొనడానికే వాడాలి, అందులోంచి ఎంటీఎం కట్టడానికి ఆ బ్యాంకు ఒప్పుకోలేదు. శాంక్షన్ లెటర్‌లో లేనిదాన్ని వాళ్లు ఇవ్వలేరు, నేను ముందే రాయించుకోలేదు. డబ్బు కట్టలేక బ్రోకరు పొజిషన్ కోసేశాడు. తర్వాత సరుకు అమ్మినప్పుడు పోయిన డబ్బులో చాలావరకు తిరిగొచ్చింది, కానీ రెండు నెలలు ఆ సంఘంలో సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి మొదటి లాట్ అమ్మకముందే బ్యాంకుకి వెళ్లి ఇవి తేల్చుకోండి. మా సంఘం దగ్గర ఇంత సరుకు ఉంది, దానికి సరిపడా మాత్రమే హెడ్జింగ్ చేస్తాం, మార్జిన్‌కీ ఎంటీఎంకీ విడిగా ఒక సబ్-లిమిట్ ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. ఇస్తామంటే ఎంత, ఎన్ని గంటల్లో వాడుకోవచ్చు, వడ్డీ ఎంత అన్నది శాంక్షన్ లెటర్‌లోనే రాయించుకోండి, నోటిమాట వద్దు. మేనేజర్ మారిపోతే నోటిమాట కూడా ఆయనతో పాటే బదిలీ అయిపోతుంది. ఇవ్వం అంటే బాధపడకండి, మీ దగ్గరున్న నగదు ఎన్ని లాట్లకి తట్టుకుంటుందో లెక్క వేసి అంతే చేయండి. మా లెక్క ఇదీ: ఒక్కో లాట్‌కి మార్జిన్ కాకుండా, ధర నాలుగో వంతు ఎదురు తిరిగినా కట్టగలిగేంత నగదు పక్కన పెట్టుకోవాలి. 8,000 దగ్గర అయితే క్వింటాలుకి 2,000 చొప్పున లాట్‌కి లక్ష. అది లేకపోతే ఆ లాట్ వద్దు. 2023 లాంటి ఏడాదికి అది కూడా చాలదు, అందుకే ఆ డబ్బు సగం అయిపోగానే కొంత సరుకు యార్డులో అమ్మి అంతమేర పొజిషన్ తగ్గించుకోవాలని తీర్మానం పుస్తకంలో ముందే రాసుకుంటాం.

పంట అప్పు డబ్బు మాత్రం ఇందులో పెట్టొద్దు. కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఇచ్చింది సాగు కోసం, దాన్ని మార్జిన్‌కి మళ్లిస్తే అప్పు దారి మళ్లించినట్టే, తర్వాత రెన్యువల్ దగ్గర ఇబ్బంది పడతారు. ఆడవాళ్ల మెడలోది కుదువ పెట్టి ఎంటీఎం కట్టినవాళ్లను కూడా చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

గోదాము రసీదు, బ్యాంకు తాకట్టు, డెలివరీ: మూడూ ఒకే మూట మీద

పసుపు కాంట్రాక్టు గడువు దాకా ఉంచుకుంటే సరుకు డెలివరీ ఇవ్వడం తప్పనిసరి. ధర నిజామాబాద్ ఆధారంగా ఉంటుంది. కడప యార్డులో రేటు, నిజామాబాద్ రేటు ఒకేలా కదలవు, ఒక్కోసారి తేడా పెరుగుతుంది, ఒక్కోసారి తరుగుతుంది. ఆ తేడాను బేసిస్ అంటారు, హెడ్జింగ్ ఎంత బాగా చేసినా ఆ తేడా మన నెత్తినే ఉంటుంది. కనీసం రెండు మూడు సీజన్ల రేట్లు పక్కపక్కన రాసి చూసుకోండి, నోటుపుస్తకం చాలు.

సరుకును వేర్‌హౌసింగ్ అథారిటీ దగ్గర నమోదైన గోదాములో పెడితే ఎలక్ట్రానిక్ రసీదు వస్తుంది, ఈ-ఎన్‌డబ్ల్యూఆర్ అంటారు, 2017లో వచ్చింది, ఎన్‌ఈఆర్‌ఎల్, సీసీఆర్‌ఎల్ అని రెండు రిపాజిటరీలు వాటిని చూసుకుంటాయి. ఆ రసీదు మీద బ్యాంకు అప్పు ఇస్తుంది, మంచిదే. కానీ అప్పు ఇచ్చిన క్షణం నుంచి ఆ రసీదు మీద బ్యాంకు లీన్, అంటే తాకట్టు హక్కు, పడుతుంది. లీన్ ఉన్నంతకాలం ఆ సరుకును ఎక్స్ఛేంజిలో డెలివరీ ఇవ్వలేరు. గడువు వారం ఉందనగా బ్యాంకుకి పోయి లీన్ తీయండి అంటే, అప్పు కట్టండి అంటారు, అప్పు కట్టాలంటే సరుకు అమ్మాలి, సరుకు అమ్మాలంటే లీన్ తీయాలి. ఈ సుడిలో పడకుండా ఉండాలంటే డెలివరీ ఉద్దేశం ఉన్న రసీదులు, అప్పు కోసం పెట్టే రసీదులు మొదటి రోజు నుంచే విడివిడిగా పెట్టుకోండి. లేదంటే డెలివరీ డబ్బు నేరుగా అప్పు ఖాతాకి జమ అయ్యేలా బ్యాంకుతో, బ్రోకరుతో కలిసి రాతపూర్వకంగా ఒప్పుకోండి.

ఎక్స్ఛేంజి గుర్తించిన గోదాములో సరుకు ముందే పెట్టి ఎర్లీ పే-ఇన్ సౌకర్యం వాడుకుంటే అమ్మేవాళ్లకి మామూలు మార్జిన్లు మినహాయిస్తారు. సంఘాలకి ఇది నిజంగా మేలు చేసే విషయం, దీని గురించి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. అయితే ఎంటీఎం మాత్రం అప్పుడు కూడా కట్టాల్సిందే. మినహాయింపు అన్న మాట విని నగదు అవసరం లేదనుకుంటే మళ్లీ 2023 కథే. అడిగేటప్పుడు మీకు దగ్గర్లో అలాంటి గోదాము ఏది, అక్కడిదాకా లారీ బాడుగ, హమాలీ, తేమ తరుగు ఎంత పడుతుంది అన్నది కూడా కలిపి లెక్క వేయండి.

ఆదోని, అనంతపురం వాళ్లకి

ఆదోని జిన్నింగ్ మిల్లులకి ఎమ్‌సీఎక్స్‌లో పత్తి కాంట్రాక్టు ఉంది. 2023 నుంచి దాని లెక్క క్యాండీల్లో, ఒక క్యాండీ అంటే 355.56 కిలోల దూది, ఒక లాట్ 48 క్యాండీలు. బేళ్లలో చూసుకుంటే దాదాపు 100 బేళ్లు. చిన్న మిల్లుకి అది పెద్ద లాటే, సగం లాట్ అమ్ముతానంటే కుదరదు, కాబట్టి చేతిలో 60 బేళ్లే ఉంటే ఒక లాట్ అమ్మితే మిగతా 40 బేళ్లకి మీరు చేస్తున్నది హెడ్జింగ్ కాదు, స్పెక్యులేషన్, అంటే ధర మీద పందెం. బ్యాంకు కూడా స్టాక్ స్టేట్‌మెంట్‌తో పోల్చి అదే అంటుంది.

ఆముదానికి ఎన్‌సీడీఈఎక్స్ కాంట్రాక్టు ఉంది గానీ దాని ధర గుజరాత్‌లోని డీసా చుట్టూ తిరుగుతుంది, ఎమ్మిగనూరు రేటుతో ఎంత కలుస్తుందో ముందు చూసుకోండి. శనగలు వేసే కర్నూలు, అనంతపురం రైతులకి ఒక చేదు మాట. 2021 ఆగస్టులో శనగల్లో కొత్త పొజిషన్లు ఆపారు, ఆ డిసెంబరులో సెబీ శనగలతో కలిపి ఏడు సరుకుల ఫ్యూచర్స్‌ని నిలిపేసి, తర్వాత పలుమార్లు పొడిగిస్తూ వచ్చింది. ఆ నిషేధం రైతుకి మేలు చేసిందని నేను అనుకోను, ముందు ధర కనిపించే కిటికీ ఒకటి మూసేసినట్టయింది, అది నా అభిప్రాయం. ఏది ఏమైనా, ఈ మధ్యకాలంలో "శనగ ఫ్యూచర్స్‌లో పెట్టించాం" అని మీ దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు ఉంటే, ఏ ఎక్స్ఛేంజి, ఏ నెల కాంట్రాక్టు, కాంట్రాక్టు నోట్ (బేరానికి బ్రోకరు ఇచ్చే చీటీ) ఏది అని వెంటనే అడగండి.

సంతకానికి ముందు ఒక అరగంట

మా మామ కాగితంతో ఆ రోజు ఏం చేశామో చెప్తాను, మీరూ అదే చేయండి. ముందు సెబీ వెబ్‌సైట్‌లో నమోదైన మధ్యవర్తుల జాబితా తెరిచి ఆ పేరు వెతికాం. బ్రోకరు నంబరు ఐఎన్‌జెడ్ అన్న అక్షరాలతో మొదలవుతుంది, ఆ పేరుతో ఏమీ లేదు. తర్వాత డబ్బు ఎవరి ఖాతాకి అడుగుతున్నారో చూశాం, ఒక వ్యక్తి యూపీఐ. నిజమైన బ్రోకరు క్లయింట్ల డబ్బును కంపెనీ క్లయింట్ ఖాతాలోనే తీసుకుంటాడు. 2025 అక్టోబర్ నుంచి సెబీ తీసుకొచ్చిన ప్రత్యేక యూపీఐ ఐడీల్లో బ్రోకరు అయితే పేరు తర్వాత బీఆర్‌కే అనీ, యాట్ గుర్తు తర్వాత వ్యాలిడ్ అనీ వస్తుంది, సెబీ చెక్ అన్న సదుపాయంలో అది అసలుదో కాదో చూసుకోవచ్చు. చివరగా, ఆ కాగితంలో పేరు వాడుకున్న బ్యాంకు బ్రాంచికి మామను తీసుకెళ్లి మేనేజర్‌నే అడిగించాను. ఆయన కాగితం చూసి, "పెద్దాయనా, ఇది మాది కాదు, మేం ఇలాంటి పని చేయనే చేయకూడదు" అన్నాడు. నేను గంటసేపు చెప్పిన దానికంటే ఆ ఒక్క మాట మామకి బాగా ఎక్కింది.

డబ్బు అప్పటికే పంపేసినవాళ్లు ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఉంటుంది. నమోదైన బ్రోకరుతోనే గొడవైతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. కాంట్రాక్టు నోట్లు, ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన మెసేజీలు, బ్యాంకు స్టేట్‌మెంటు జత చేయండి. బ్యాంకు అప్పు, గ్యారంటీ విషయం అయితే ముందు బ్యాంకుకే రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, 30 రోజుల్లో తేల్చకపోయినా వాళ్లిచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా ఆర్బీఐ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్లండి. బ్యాంకుకి ఇచ్చే ఫిర్యాదు కాపీ మీద తేదీతో సహా బ్రాంచి ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి, ఆ 30 రోజుల లెక్క మొదలయ్యేది ఆ ముద్ర తేదీ నుంచే.